కొత్తగా సంఘం నాయకురాలినయ్యాను, అందరూ నన్ను నమ్మేదెలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పన్నెండు మంది ఉన్న మీ పొదుపు సంఘంలో లెక్కల మీద అనుమానం వచ్చి పాత నాయకురాలిని తప్పించారు, డిగ్రీ చదివారన్న ఒక్క కారణంతో మిమ్మల్ని ప్రథమ నాయకురాలిగా కూర్చోబెట్టారు. సమావేశానికి సగం మందే వస్తున్నారు, వచ్చినవారు కూడా సంతకం పెట్టి లేచిపోతున్నారు. నలుగురిలో మాట్లాడటం మీకు అలవాటు లేదు. అయినా అందరూ మిమ్మల్ని నమ్మి ఉత్సాహంగా ముందుకు రావాలంటే ఏం చేయాలని అడిగారు. పాత నాయకురాలిని సంఘంలో ఉంచాలా వద్దా అని కూడా అడిగారు, దానికి చివరలో వస్తాను.

సూటిగా చెబుతున్నాను, రాబోయే ఆరు నెలలు ఎవరిలోనూ ఉత్సాహం నింపాలని ప్రయత్నించకండి. డబ్బు లెక్క, అప్పు వంతు, ఇచ్చిన మాట అనే మూడు విషయాలు పన్నెండు మంది కళ్ల ముందు ప్రతి నెలా ఒకే తీరుగా జరిగేలా చూడండి, అంతే చాలు. నమ్మకం అక్కడ పుడుతుంది. ఉత్సాహం దాని వెనుక వస్తుంది గాని ముందు రాదు. ఇక మాట్లాడటం రాదన్న దిగులు పెట్టుకోకండి. 2003లో, పేదరిక నిర్మూలన కోసం ప్రభుత్వం నడిపిన వెలుగు పథకంలో, సంఘాలకు తోడుగా ఉండే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా చేరినప్పటి నుంచి ఇరవై ఏళ్లకు పైగా ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో సంఘాలతోనే నా జీవితం గడిచింది. అధికారులు వచ్చినప్పుడు మైకు పట్టుకుని అదరగొట్టిన నాయకురాళ్ల సంఘాలు మూతపడటం చూశాను, పది మందిలో నోరు విప్పడానికి జంకేవారి సంఘాలు ఇప్పటికీ ఒక్క కిస్తు తప్పకుండా నడవడం కూడా చూస్తున్నాను.

ముందుగా అనుమానం సంగతి. మీ పాత నాయకురాలు డబ్బు తిన్నారో లేదో నాకు తెలియదు, మీకూ ఇంకా తెలియదనే మీ రాతను బట్టి అనుకుంటున్నాను. నా అనుభవంలో సంఘాల్లో వచ్చే అనుమానాలలో ఎక్కువ భాగం దొంగతనం వల్ల కాదు, చూపించకపోవడం వల్ల వచ్చినవే. ఒక సంఘంలో ఇలాగే గొడవ వస్తే నన్ను పిలిచారు. పుస్తకం ప్రకారం చేతి నిల్వ 6,140 రూపాయలు ఉండాలి, పెట్టెలో 4,400 మాత్రమే ఉంది, అంటే 1,740 రూపాయలు తక్కువ. నాయకురాలు ఏడుస్తూ కూర్చుంది. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ వరకు ఒక్కొక్క నెలా తిరగేస్తే తేలింది ఏమిటంటే, పదకొండు నెలల్లో బ్యాంకుకు వెళ్లిన ఆటో ఛార్జీలు, ఆధార్ జిరాక్సులు, అప్పు పత్రాలకు అంటించిన ఫోటోలు, ఒకసారి అందరికీ తాగించిన టీ, ఇవన్నీ పెట్టెలోంచే ఖర్చయ్యాయి, ఒక్కటి కూడా తీర్మానం పుస్తకంలోకి ఎక్కలేదు. ఆమె తన సొంతానికి ఒక్క రూపాయి వాడుకోలేదు. అయినా ఆ పదవిలో ఆమె మళ్లీ కూర్చోలేకపోయింది, ఎందుకంటే లెక్క తేలేసరికి ఊళ్లో ఆ మాట ఇల్లిల్లూ తిరిగి వచ్చేసింది. కాబట్టి నిజాయితీగా ఉండటం ఒక ఎత్తు, ఆ నిజాయితీ ఎదుటివారి కంటికి కనబడటం మరో ఎత్తు. పది రూపాయల జిరాక్సు అయినా అదే నెల పుస్తకంలోకి ఎక్కాలి, అందరి ముందూ చదవాలి.

చదవడం అంటే ఎలా ఉండాలో ఒక సంఘాన్ని చూసి నేను నేర్చుకున్నాను. ఆ నాయకురాలికి సంతకం తప్ప చదువు లేదు. నెలకు ఒకసారి బడి వరండాలో చాప పరిచేది. వచ్చిన డబ్బును పొదుపు ఒక కుప్ప, అప్పుల అసలు ఒక కుప్ప, వడ్డీ ఒక కుప్ప, ఆలస్యపు జరిమానా ఒక కుప్పగా పెట్టించి, గాలికి నోట్లు ఎగరకుండా ఒక్కో కుప్ప మీద ఒక్కో గులకరాయి పెట్టేది. తాను మాత్రం ఏ కుప్పనూ ముట్టుకునేది కాదు. ఒక సభ్యురాలు లెక్కపెడితే పక్కనున్న ఆమె తిరిగి లెక్కపెట్టేది. పొదుపు తలకు వంద చొప్పున 1,200, అసలు 6,000, వడ్డీ 540, జరిమానా 20, మొత్తం 7,760 అని లెక్కలు రాసే అమ్మాయి గట్టిగా చదివిన తర్వాత, ఎనిమిదో తరగతి చదివే ఒక సభ్యురాలి కూతురు పుస్తకం తీసుకుని అదే మళ్లీ చదివేది. పెట్టె ఒకరి ఇంట్లో ఉంటే తాళం చెవి మరొకరి కొంగున ఉండేది. ఇదంతా అయ్యేసరికి గంటన్నర పట్టేది, నాకు విసుగు కూడా వచ్చేది. ఒకసారి, అందరికీ మీ మీద నమ్మకం ఉంది కదా, ఇంత తతంగం దేనికని అడిగాను. "ఇదంతా ఉండబట్టే గదమ్మా ఉండాది" అంది.

ఆమె చేసిన మరో పని మీరు వచ్చే సమావేశం నుంచే మొదలుపెట్టవచ్చు. బాకీల జాబితా చదివేటప్పుడు అక్షర క్రమమని, వయసు క్రమమని చూడకుండా ముందు తన పేరే చదివించేది. తాను ఎంత అప్పు తీసుకుంది, ఎంత కట్టింది, ఈ నెల కట్టిందా లేదా అన్నది మొదటి వాక్యంలోనే వచ్చేది. నాయకురాలి బాకీ నలుగురిలో వినబడిన తర్వాత మిగతావారి పేర్లు చదివితే ఎవరికీ ముల్లు గుచ్చినట్లు ఉండదు. ఇప్పుడైతే బ్యాంకు మెసేజ్ నాయకురాలి ఫోనుకే వస్తుంది కాబట్టి, ఆ మెసేజ్‌ను సమావేశంలో అందరికీ చూపించండి, తీర్మానం పేజీని ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఫోను లేనివారు మీ పన్నెండు మందిలో ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు, వారి కోసం చదివి వినిపించడం మానకండి.

అప్పు వంతుల విషయంలో నియమం ఇంతకంటే చిన్నది. కట్టడంలో మీరు ముందు, తీసుకోవడంలో మీరు వెనుక. బ్యాంకు నుంచి 5 లక్షలు వచ్చాయనుకోండి, ఎవరికి ఎంత అన్నది డబ్బు ఖాతాలో పడక ముందే తీర్మానంలో రాయించండి. డబ్బు వచ్చాక కూర్చుంటే అవసరాలు రెట్టింపవుతాయి, చుట్టరికాలు గుర్తుకొస్తాయి. అందరికీ సమానంగా పంచడం సులువే గాని, గేదె కొనుక్కునే ఆమెకూ, ఏ పనీ ఆలోచించుకోని ఆమెకూ ఒకే మొత్తం ఇస్తే రెండో ఆమె ఇంట్లో ఆ డబ్బు నెల తిరగకుండా కరిగిపోతుంది, కిస్తు మాత్రం మిగులుతుంది. అవసరాన్ని బట్టి ఇవ్వాలనుకుంటే ఆ అవసరాన్ని తేల్చేది మీరు కాకూడదు, సంఘం తేల్చాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నాయకురాలు త్యాగం చేయాలి గదా అని ఇతరుల కిస్తులు మీ చేతి డబ్బుతో కట్టకండి. ఒక్కరు తప్పినా బ్యాంకులో సంఘం మొత్తం బాకీ పడినట్లే కనబడుతుంది, గడువులోగా కట్టినవారికి వచ్చే వడ్డీ రాయితీ ఏదైనా ఉంటే అదీ దెబ్బతింటుంది, కాబట్టి ఆ ఆలోచన రావడం సహజమే. మా మండలంలో ఒక నాయకురాలు ఇద్దరి తరఫున మూడు నెలలు ఇలాగే కట్టింది. నాలుగో నెల ఆమె చేతిలో డబ్బు లేక ఆగిపోతే, ఆ ఇద్దరూ ఆమెనే తప్పు పట్టారు. ఇన్నాళ్లూ ఎలా కట్టిందో, ఆ డబ్బు ఎక్కడిదో అని మిగతావారు గుసగుసలాడారు. మంచి చేయబోయి అనుమానం కొని తెచ్చుకోవడమంటే అదే. ఒకరికి నిజంగా కష్టం వస్తే ఆ విషయం సమావేశంలో పెట్టి, సంఘం పొదుపులోంచి చిన్న అప్పుగా రాసి, ఆ డబ్బుతో కిస్తు కట్టించండి. అప్పుడది మీరు చేసిన సహాయం కాదు, సంఘం తీసుకున్న నిర్ణయం.

నమ్మకం గురించి నేను నేర్చుకున్న పెద్ద పాఠం 2010 నాటిది. ఆ రోజుల్లో మన సంఘాల పక్కనే, చిన్న అప్పులిచ్చే ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వారం కిస్తులు నడిచేవి. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు చోట్ల అప్పులుండేవి, ఒకదాని కిస్తు కట్టడానికి మరోచోట తీసుకునేవారు. ఆ అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చే వరకు పరిస్థితి ఎంత దారుణంగా ఉండేదో ఆ కాలపు వార్తలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. మన సంఘం కిస్తులు తగ్గిపోతున్నాయి, కారణం అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. ఎందుకంటే బయట అప్పు చేశానని ఒప్పుకోవడం నామర్దా. నేను రెండు సమావేశాల్లో ఉపన్యాసాలిచ్చాను, బయట అప్పు చేయవద్దన్నాను, అందరూ తలలూపి వెళ్లిపోయారు. మూడో సమావేశంలో ఒక నాయకురాలు లేచి, తనకు రెండు చోట్ల అప్పుందని, వారానికి 650 రూపాయలు కడుతున్నానని, భర్తకు కూడా పూర్తి సంగతి తెలియదని చెప్పింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరి వెనుక ఒకరుగా ఐదుగురు చెప్పారు. ఆ సాయంత్రమే అందరి బాకీలు ఒక తెల్ల కాగితం మీద రాసుకుని, దేని వడ్డీ ఎక్కువో అది ముందు తీర్చేలా సంఘం నిల్వను వాడుకోవాలని తీర్మానించారు. అన్నీ తీరడానికి ఏడాదిన్నర పట్టింది. అప్పులున్నాయని చెప్పుకున్నందుకు ఆ నాయకురాలికి మర్యాద తగ్గలేదు, మరో రెండు దఫాలు ఆమెనే ఎన్నుకున్నారు. నా ఉపన్యాసాలు చేయలేని పని ఆమె ఒప్పుకోలు చేసింది. అయితే దీన్ని ఉపాయంగా వాడకండి. అవసరం లేని చోట తన కష్టాలు చెప్పుకుని జాలి సంపాదించే నాయకురాళ్లూ ఉంటారు, సభ్యులు ఆ తేడాను ఇట్టే పసిగడతారు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక బ్యాంకు అధికారి, పేరు అనవసరం, సంక్రాంతి లోపు అప్పు మంజూరు చేస్తానని నాతో అన్నారు. నేను ఆ మాటను అలాగే తీసుకెళ్లి ఒక సంఘం సమావేశంలో, పండుగ నాటికి మీ ఖాతాలో డబ్బు ఉంటుందని చెప్పాను. ఆయన బదిలీ అయ్యారు, కొత్తగా వచ్చినవారు పత్రాలన్నీ మొదటి నుంచి అడిగారు, డబ్బు ఉగాది దాటాక వచ్చింది. ఈలోగా ఇద్దరు సభ్యులు నా మాట నమ్మి గేదెలకు బయానా ఇచ్చి పోగొట్టుకున్నారు. దెబ్బ నా కంటే ఎక్కువగా ఆ సంఘం నాయకురాలికి తగిలింది, ఎందుకంటే నేను మండల కేంద్రంలో ఉంటాను, ఆమె అదే వీధిలో ఉంటుంది. ఆ తర్వాత నేను నా మాటతీరు మార్చుకున్నాను. "బ్యాంకువారు ఫలానా తేదీ అన్నారు, ఖాతాలో పడే వరకు ఎవరూ ఎవరికీ మాట ఇవ్వకండి" అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. మీ చేతిలో లేనిదాన్ని మీ మాటగా చెప్పకండి. మీరు కూడా ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘంలోనో, ఆ గ్రామ సంఘాలు కలిసిన మండల సమాఖ్యలోనో విన్న ప్రతి కబురునూ ఎవరు చెప్పారో కలిపి చెప్పండి, ఖాయమైందో లేదో కలిపి చెప్పండి.

ఇక ఉత్సాహం, ప్రేరణ అని మీరు రాసిన విషయం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటి ఆడవారు సారా దుకాణానికి అడ్డం నిలిచారు. ఆ సెగ జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. దాని వెనుక రాత్రి బడులున్నాయి. అక్షరాస్యత తరగతుల్లో పగలంతా కూలికెళ్లి వచ్చిన ఆడవారు తమ ఇంటి గొడవ తామే ఒకరితో ఒకరు చెప్పుకున్నారు, చెప్పుకుంటే అది అందరి గొడవేనని తెలిసింది. వారిలో ధైర్యం నింపడానికి పట్నం నుంచి ఎవరో వచ్చి ప్రసంగించవలసిన అవసరం రాలేదు. ఆ ఉద్యమం తర్వాత అదే జిల్లాలో పొదుపు లక్ష్మి పేరుతో రోజుకు రూపాయి దాచుకోవడం మొదలైంది, మనం ఈనాడు నడుపుతున్న సంఘాలకు ఆ రూపాయితో చుట్టరికం ఉంది. నేను దీన్ని చెప్పడానికి కారణం, ప్రేరణ అనేది నాయకురాలు పోసేది, సభ్యులు తాగేది అనే ఊహ మీ ప్రశ్నలో కొంత కనిపించింది. అలా జరగడం నేను చూడలేదు. మనిషికి తన చేతిలో ఒక పని పడినప్పుడు, అది తాను చేయగలిగినప్పుడు కదలిక వస్తుంది.

అందువల్ల పని పంచండి, ముఖ్యంగా మీకు బాగా వచ్చిన పనినే పంచండి. చదువుకున్న నాయకురాలితో వచ్చే చిక్కు ఇదే, అన్నీ తానే చేసేస్తుంది, త్వరగా అవుతుంది కూడా. బ్యాంకు పని మీకు పావుగంటలో అవుతుందని నాకు తెలుసు. అయినా ప్రతిసారీ, ఖాతా మీద సంతకం పెట్టే అధికారం లేని ఒక సభ్యురాలిని వెంట తీసుకెళ్లండి, వోచర్ ఆమె చేతనే రాయించండి. మా దగ్గర ఒకామె ఉండేది, సమావేశంలో గోడవైపు తిరిగి కూర్చునేంత బిడియం. నాయకురాలు ఆమెను పట్టుబట్టి బ్యాంకుకు తీసుకెళ్లి, కౌంటరు దగ్గర తాను రెండడుగులు వెనుక నిలబడింది. ఆమె వోచర్ మీద అక్షరాల్లో రాయాల్సిన చోట అంకెలు, అంకెల చోట అక్షరాలు రాసింది. గుమాస్తా విసుక్కుంటూ ఇంకో వోచర్ ఇచ్చాడు. నాయకురాలు కల్పించుకోలేదు. రెండోది కూడా తప్పింది, మూడోది సరిగ్గా వచ్చింది. ముద్ర పడిన ఆ రసీదు ముక్కను ఆమె దారి పొడుగునా గుప్పిట్లోనే పట్టుకుని, ఇంటికి వెళ్లి భర్తకు చూపించిందట. తర్వాతి నెల నుంచి సమావేశానికి అందరి కంటే ముందు వచ్చి చాప పరిచేది ఆమే. ఆ పావుగంట పనికి ఆ రోజు గంటన్నర పట్టింది, నాయకురాలికి ఒక పూట కూలి పోయింది. మీకు కూడా పోతుంది, తెలిసే దిగండి.

చేయకూడనివాటిలో ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఎన్నికల రోజుల్లోనో, ఏదైనా పెద్ద సభ జరిగినప్పుడో మీ సంఘం నుంచి ఇంతమందిని తీసుకురావాలని మీ మీద ఒత్తిడి వస్తుంది. ఆ ఒత్తిడిని మీరు రాకపోతే అప్పు రాదన్న బెదిరింపుగా మార్చి సభ్యుల మీద పెట్టకండి. అది అబద్ధం, పైగా ఒక్కసారి ఆ మాట మీ నోటి నుంచి వస్తే ఆ తర్వాత మీరు నిజంగా అప్పు గురించి చెప్పే ఏ మాటనూ వారు నమ్మరు. నాకు ఈ కబురు వచ్చింది, వెళ్లేది వెళ్లనిది మీ ఇష్టం అని చెప్పి ఊరుకోండి. కొంత చెడ్డపేరు పైవారి దగ్గర వస్తుంది, భరించాలి. అలాగే మీ ఇంట్లో మగవారు లెక్కలు బాగా రాస్తారని పుస్తకాలు వారికి అప్పగించకండి, ఇంతకంటే దాని గురించి రాయనక్కర్లేదు.

ఈ మార్గం అన్ని సంఘాల్లోనూ ఫలిస్తుందని చెప్పలేను. రెండు కులాల మధ్యనో, రెండు పార్టీల మధ్యనో ఊరే చీలి ఉన్నచోట ఎంత పారదర్శకంగా లెక్క చెప్పినా సగం మంది విననే వినరు. అలాంటి చోట నేను రెండుసార్లు ఓడిపోయాను, చివరికి ఒక సంఘాన్ని రెండుగా విడదీయవలసి వచ్చింది. మీ రాతలో అలాంటి సూచన లేదు కాబట్టి, సగం మంది రాకపోవడానికి కారణం పాత గొడవతో వచ్చిన విరక్తే అయి ఉంటుంది. రానివారికి జరిమానా వేయడానికి ముందు, వారు కూలి నుంచి తిరిగి వచ్చే వేళ ఏదో కనుక్కోండి. మా మండలంలో కంది, పొగాకు పనుల రోజుల్లో సమావేశం రాత్రి ఎనిమిదికి మార్చిన సంఘాల్లో హాజరు దానంతట అదే సర్దుకుంది.

ఇక పాత నాయకురాలి సంగతి. ఆమెను సంఘంలో ఉంచండి. తీసేస్తే ఆమె పొదుపు, ఆమె బాకీ తేల్చవలసి వస్తుంది, తేలని లెక్కతో ఆమె బయటికి వెళితే అనుమానం ఎప్పటికీ అనుమానంగానే మిగులుతుంది. గ్రామ సంఘం నుంచి లెక్కలు తెలిసిన ఒకరిని అడిగి, గత రెండేళ్ల పుస్తకాలను అందరి ముందు, ఆమెను పక్కనే కూర్చోబెట్టుకుని తనిఖీ చేయించండి. ఆ రోజు మీరు ఒక్క ప్రశ్న కూడా వేయకండి, అడగవలసింది తనిఖీ చేసేవారు. తేడా వస్తే ఎంత, ఎన్ని నెలల్లో ఎలా కడతారన్నది తీర్మానంలో రాయించండి. తేడా రాకపోతే ఆ మాట కూడా రాయించి, అందరి సంతకాలు పెట్టించి, బిగ్గరగా చదివించండి. ఆ తర్వాత మొదటి ఆరు నెలలు డబ్బు కుప్పలు లెక్కపెట్టే పని ఆమెకే ఇవ్వండి, తిరిగి లెక్కపెట్టేవారు మరొకరు ఉంటారు కదా. ఎలాంటి ఖర్చులు పుస్తకంలోకి ఎక్కకుండా జారిపోతాయో మీ పన్నెండు మందిలో ఆమెకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.